పొదుగుపెట్టెలో ఇనుప సీల

పానగల్‌లో బెంజమిన్ కూతురు మల్లిక నవ్వితే ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడిచేవాళ్లకు వినిపిస్తుందని ఊళ్లో ఒక మాట ఉంది. అది అబద్ధం, కట్ట అంత దగ్గరేమీ కాదు. కానీ పక్కనున్న నాలుగు వాకిళ్లకు మాత్రం ఖాయంగా వినిపిస్తుంది. ఈ మాట ఆ వాకిళ్లవాళ్లే చెప్పారు, అదీ కాస్త విసుగ్గానే. ఆ పిల్లకు సంతోషమొస్తే దాచుకోవడం చేతకాదు. ఇంట్లో ఉన్న వస్తువును విప్పి చూడకుండా ఉండటం కూడా చేతకాదు.

తెలంగాణ వచ్చిన రోజున ఊరంతా రంగులు చల్లుకుంటూ టీవీల ముందు కూర్చుంటే, తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న మల్లిక తమ ఇంటి టీవీ రిమోట్ విప్పి చాప మీద పరిచింది. అవ్వ జానమ్మ చీపురు పట్టుకుని వెంటపడింది. సాయంత్రానికి రిమోట్ మళ్లీ కలిసిపోయి చక్కగా పనిచేసింది. ఒక చిన్న స్ప్రింగు మాత్రం చాప మీద మిగిలిపోయింది. అది లేకుండా రిమోట్ ఎలా పనిచేస్తోందో మల్లికకు ఈ రోజుకీ తెలియదు. ఆ బెంగతోనే కావచ్చు, పెద్దయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చదివాక నల్లగొండ గడియారం సెంటర్‌లో రఘుపతి నడిపే సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో చేరింది.

దుకాణంలో గిరాకీ లేని ఒక మధ్యాహ్నం, గుడ్లు పొదిగే పెట్టెను ఇంట్లోనే చేసుకునే వీడియో ఒకటి ఆమె కంట పడింది. చేపల థర్మాకోల్ పెట్టె, ఒక బల్బు, ట్రేను అటూ ఇటూ వంచే చిన్న మోటారు, వీటన్నిటి మీద పెత్తనం చేసే అరచేతిలో సగమంత బోర్డు. వేడి ఎంతుండాలో, ట్రే ఎప్పుడు వంగాలో ఆ బోర్డుకు చెప్పే రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. మామూలుగా అలాంటి రాతను కంపెనీలు తాళం వేసి దాచుకుంటాయి. ఈ పెట్టె రాత మాత్రం ఊరుమ్మడి బావి లాంటిది. ఎవరైనా తోడుకోవచ్చు, పూడిక కనిపిస్తే ఎవరైనా దిగి తీయొచ్చు. లోకంలో ఎక్కడెక్కడి మనుషులో కలిసి దాన్ని బాగుచేస్తూ ఉంటారు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారట.

మల్లిక బోర్డు తెప్పించుకుంది. ఆ ప్రాజెక్టు పేజీ తెరిస్తే, "మొదటిసారి వచ్చారా? ఇక్కడ మొదలుపెట్టండి" అన్న మాట కనిపించింది. పెద్ద పెద్ద ఇంజినీర్లు గంభీరంగా కూర్చునే చోటనుకుని ఆమెకు అప్పటికే, చెప్పులు వాకిట్లోనే విడిచి లోపలికి వెళ్లాలన్నంత భయంగా ఉంది. తీరా చదివితే అక్కడ రాసింది వేరు. ప్రోగ్రాము రాయడం రాకపోయినా ఫరవాలేదట. సూచనలు చదివి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పినా అది పనేనట. సొంత పెట్టెలో నడిపి చూసి, ఎక్కడ తప్పిందో చెప్పినా పనేనట. మీ భాషలోకి మార్చి పెట్టినా పనేనట.

చదవడమే పనైతే మల్లికకు అడ్డేముంది? సూచనలన్నీ చదివింది. ఒకచోట ఎర్ర వైరు కుడివైపు పెట్టమని రాసి, బొమ్మలో ఎడమవైపు చూపించారు. నాలుగైదుసార్లు రాసి చెరిపేసి, చివరికి భయం భయంగా ఆ సంగతి అక్కడ పెట్టింది. మర్నాడు పొద్దున బస్సులో ఉండగా జవాబొచ్చింది. రాసింది పోలండులో ఉండే మార్తా అనే ఆవిడ. ప్రాజెక్టును చూసుకునేది ఆవిడే. మీరు చెప్పింది నిజమే, మీరే సరిచేయండి, ఎలాగో నేను చెబుతానని రాసింది. మల్లిక సరిచేసిందల్లా ఒకే ఒక్క మాట. కుడి తీసి ఎడమ పెట్టింది. ఆ ఒక్క మాటకు ప్రాజెక్టులో పనిచేసినవాళ్ల వరుసలో ఆమె పేరు చేరింది.

ఆ సాయంత్రం ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. బస్సు దిగి ఇంటిదాకా పరుగు.

"అవ్వా! నా పేరు పడ్డదే!"

జానమ్మ బియ్యం చెరుగుతోంది. "యాడ పడ్డది? రేషన్ కార్డులనా?"

"కాదే. పొదుగుపెట్టె ప్రాజెక్టుల. లోకమంత చూస్తరు."

"లోకమంత చూస్తె ఏమొస్తది? రేషన్ కార్డుల నీ పేరు తప్పు పడ్డది, జర గది సరిజేయించు ముందుగాల."

అవ్వ అలా అన్నా మల్లిక ఉత్సాహం తగ్గలేదు. తర్వాత చేపల పెట్టె ఒకటి సంపాదించి పొదుగుపెట్టె కట్టుకుంది, దాని తెర మీద వచ్చే మాటలను తెలుగులోకి మార్చింది. వేడెక్కువైందనీ, నీళ్లు పోయమనీ పెట్టె తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలన్నీ అవ్వకు చదివి వినిపించేది. జానమ్మ విని, "కోడి గివన్ని చెప్పకుంటనే చేస్తది గదనే" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

ఇక కోడి సంగతి. జానమ్మకు ఒక ఎర్ర పెట్ట ఉంది, పేరు రాణి. జానమ్మ తిరుమలగిరి నుంచి కాపురానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ గంప కింద ఒక కోడిపెట్టను పెట్టి పంపింది. ఆ పెట్ట పిల్లలు, వాటి పిల్లలు, మళ్లీ వాటి పిల్లలు ఇన్నేళ్లుగా ఆ వాకిట్లో తిరుగుతూనే ఉన్నాయి. తెగుళ్లకు పోయినవి పోగా, కుక్కలెత్తుకుపోగా, ఇప్పుడు ఆ జాతిలో మిగిలింది రాణి ఒక్కతే. అదీ ముసలిదైంది. ఈ వేసవిలో అది పెట్టిన గుడ్లే ఆఖరివని జానమ్మకు తెలుసు. పదకొండు గుడ్లను గంపలో సర్ది పొదుగుకు కూర్చోబెట్టింది.

సరిగ్గా నాలుగో రోజు వెనక వీధిలో పెళ్లి బరాత్ వచ్చింది. డీజే పెట్టెలు తెచ్చి ఇంటి గోడ పక్కనే నిలిపారు. గిన్నెలు అరల్లో ఎగిరాయి. రాణి గంపలోంచి ఎగిరి దూలం మీదికెక్కింది. బరాత్ పోయినా దిగలేదు. దింపి గంపలో పెడితే మళ్లీ లేచిపోయింది. జానమ్మ బతిమాలింది, తిట్టింది, జొన్నలు పోసింది, చివరికి వాకిట్లో కూలబడిపోయింది.

"అయిపాయె బిడ్డా," అంది. "మా అమ్మ చేతి కోడి. ఇగ అయిపాయె."

జానమ్మ ఏడవగా మల్లిక ఎప్పుడూ చూడలేదు. "గుడ్లు సల్లగ కాకముందే ఇటియ్యవ్వా. నా పెట్టెల పెడత."

జానమ్మ ఆ థర్మాకోల్ పెట్టె వంక చూసింది. నిన్నమొన్నటిదాకా అందులో చేపలున్నాయని ఆమెకు తెలుసు. కానీ వేరే దారి లేదు. పదకొండు గుడ్లనూ ఒక్కొక్కటే కొంగుతో తుడిచి మనవరాలి చేతికిచ్చింది. తర్వాత పాస్టర్ ఇస్రాయేలు గారిని పిలిపించి పెట్టె మీద చేతులుంచి ప్రార్థన చేయించింది. పాస్టర్ గారు మందిరాలకూ కొత్త బండ్లకూ ప్రార్థన చేశారు గానీ థర్మాకోల్ పెట్టెకు అదే మొదటిసారి. ఆయన ఒకసారి మూత ఎత్తి లోపలికి చూసి, మర్యాదగా కళ్లు మూసుకున్నారు.

వారం రోజులు అంతా బాగా నడిచింది. గది తలుపులు మూసి ఫోను లైటు ముందు గుడ్డు పెట్టి చూస్తే లోపల సన్నని ఎర్రటి నరాలు కనిపించాయి. మల్లిక వేసిన కేకకు దూలం మీది రాణి మళ్లీ బెదిరింది.

అప్పుడే మొదటి వాన వచ్చింది. పొద్దుట్నుంచి ఒకటే ఉరుములు. మల్లిక దుకాణం నుంచి వచ్చేసరికి పెట్టె తెర మీద "ట్రే తిరిగింది, అంతా సరే" అని ఉంది. మూత తీస్తే ట్రే ఒక పక్కకు ఒరిగి అలాగే ఆగిపోయి ఉంది. మోటారు ముట్టుకుంటే కాలుతోంది. ట్రే అంచుకూ మోటారు చేతికీ మధ్య వేలెడంత ఇనుప సీల, అదే మేకు, ఇరుక్కుని ఉంది. దాని పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఎండు మిరపకాయ.

"అవ్వా! గీ సీల ఎవరు పెట్టిన్రే?"

"నేనే," అంది జానమ్మ, దాచేదేముందన్నట్టు. "ఉరుముతలేదా? ఉరిమితె గుడ్లు మురిగిపోతయి. ఇనుము ఉంటె పిడుగు దాని జోలికి రాదు. మా అమ్మ గట్లనే పెట్టేది. నీ పెట్టెకు తెల్వకపోతె నేను జెయ్యాలె గదా?"

"మరి ప్రార్థన చేపిచ్చినవ్ గదనే!"

"ప్రార్థన ప్రార్థననే. సీల సీలనే."

మల్లికకు ఒళ్లు మండిపోయింది. గుడ్లు తిరగకపోతే లోపలి పిల్ల పెంకుకు అంటుకుపోతుందని చెప్పింది. అది విన్న జానమ్మ ముఖాన్ని మల్లిక చూడలేకపోయింది. మళ్లీ తలుపులు మూసి ఒక్కొక్క గుడ్డునే లైటు ముందు పెట్టింది. రెండింటిలో కదలిక లేదు. తొమ్మిదింటిలో నరాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. సీల తీసి అవ్వ చేతిలో పెట్టి, ఇంకెప్పుడూ పెట్టొద్దని గట్టిగా చెప్పింది.

"సరే తియ్," అంది జానమ్మ. ఆ "సరే తియ్" అన్న మాటకు అర్థం ఒప్పుకున్నట్టు కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. మల్లికకూ తెలుసు.

కోపం దిగాక ఆమెకు ఇంకో సంగతి తట్టింది. అవ్వ సీల పెట్టింది సరే, ట్రే తిరగకపోయినా తిరిగిందని పెట్టె ఎందుకు చెప్పింది? మోటారును తిరగమనడమే గానీ, తిరిగిందా లేదా అని ఆ రాత చూసుకోవడం లేదన్నమాట. తను రోజంతా దుకాణంలో ఉంటుంది. మళ్లీ ఏదైనా అడ్డం పడితే ఎవరికి తెలుస్తుంది? మిగిలిన తొమ్మిదీ పోతాయి.

తప్పు కనిపిస్తే ఎలా చెప్పాలో ప్రాజెక్టు పేజీలోనే ఉంది. ముందు అదే సంగతి ఇంకెవరైనా చెప్పారేమో వెతకాలి. తర్వాత ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, మళ్లీ అలాగే జరగాలంటే మేమేం చేయాలి అని వివరంగా రాయాలి. మల్లిక అన్నీ రాసింది. సీల దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసింది. ఉరుములకు మా అవ్వ ఇనుము పెట్టిందని రాస్తే పోలండులో నవ్వరూ? "ఏదో వస్తువు అడ్డం పడింది" అని రాసి ఊరుకుంది.

మార్తా తన పెట్టెలో పెన్సిలు పెట్టి చూసింది, అది జారి పడిపోయింది. బ్రెజిల్‌లో బాతులు పెంచే ఒకాయన చెంచా పెట్టాడు, ట్రే దాన్ని నెట్టేసింది. ఏ వస్తువు, ఎంత పొడుగు, అసలు లోపలికి ఎలా వచ్చిందని అందరూ అడగడం మొదలుపెట్టారు. మల్లిక దుకాణంలో తల పట్టుకుని కూర్చుంది.

"నవ్వుతరేమో అన్నా," అంది రఘుపతితో, సంగతంతా చెప్పి.

రఘుపతి అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వి నవ్వి. "నవ్వితె నవ్వనీ చెల్లె. నువ్వు రోజు ఎంతమందిని జూసి నవ్వుతలేవు? ఉన్నదున్నట్టు రాయి, గుడ్లు బతుకుతయి."

రాసేసింది. ఉరుము, పిడుగు, బొగ్గు, మిరపకాయ, అవ్వ వాళ్లమ్మ, అన్నీ. సీలను చేతిలో పెట్టుకుని ఫొటో తీసి అదీ పెట్టింది. పంపాక ఫోను ముఖం చూడకుండా పక్కన బోర్లించేసింది.

సాయంత్రం చూస్తే మార్తా జవాబు. మా అమ్మమ్మ కూడా ఉరుములొస్తే కోడి కింద గుర్రపు నాడా పెట్టేది, ఇన్నేళ్లకు మళ్లీ గుర్తుచేశావని రాసింది. దాని కింద బ్రెజిల్ ఆయన ఫొటో. ఆయన పెట్టెలో ఇనుప మేకు, దాని దెబ్బకు మొరాయించిన ట్రే, తెర మీద "అంతా సరే" అన్న మాట. ఆ దేశం నుంచి ఒకరు, ఈ దేశం నుంచి ఒకరు, రోజు తిరిగేసరికి ఎంతోమంది తమ పెట్టెల్లో మేకులు పెట్టి ఫొటోలు పంపారు. మల్లిక పడీ పడీ నవ్వింది. పక్కింటి సోమమ్మ గోడ మీంచి తొంగిచూసి ఏమైందని అడిగింది.

మార్తా ఆ పనికి "మొదటిసారి వచ్చినవాళ్లకు తగినది" అని గుర్తు పెట్టి, దీన్ని నువ్వే బాగుచేయి అంది. ట్రే చివర, తాకితే టిక్కుమనే చిన్న స్విచ్చి ముందే ఉంది. ట్రే వంగాక ఆ స్విచ్చి టిక్కుమందా లేదా చూసి, అనకపోతే పెట్టెను కూయించాలి. నాలుగు వాక్యాల పని. మల్లిక రాసింది. రాసిన నాలుగింటిలో ఒకటి తలకిందులైంది. ట్రే చక్కగా తిరిగిన ప్రతిసారీ పెట్టె ఊరదిరేలా కూసింది. జానమ్మ గ్యాసు బండ పేలుతోందనుకుని రాణిని చంకన పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

సరిచేసి పంపింది. మార్తా వెనక్కి పంపింది, ఇక్కడ ఖాళీ ఉంచు, అక్కడ పేరు స్పష్టంగా పెట్టు అని. మల్లిక ముందు మూతి ముడుచుకుంది. తర్వాత, తన రాతను ఎవరో ఇంత ఓపిగ్గా చదివారు కదా అని సంతోషించింది. మళ్లీ పంపింది. ఆదివారం మందిరం నుంచి వస్తుంటే, నీ మార్పును ప్రాజెక్టులోకి తీసుకున్నామని కబురొచ్చింది. ఆమె అప్పటికే దాన్ని తన పెట్టెలో ఎక్కించుకుంది.

ఆ వారంలోనే మళ్లీ మబ్బు పట్టింది. మధ్యాహ్నం ఒక ఫోను చేతిలో విప్పి ఉండగా మల్లిక ఫోను మోగింది.

"మల్లీ," అంది జానమ్మ, వెనకాల పెట్టె కీచుకీచుమని కూస్తోంది. "నీ పెట్టె ఒర్రుతాంది. నేనేం బెట్టలే."

"అవ్వా!" అంది మల్లిక గట్టిగా.

"జర చిన్నదే బెట్టిన," అంది జానమ్మ.

"తియ్యవ్వా! బిరాన తియ్యి!"

మూత చప్పుడు, గుడ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, తర్వాత ట్రే మెల్లగా వంగిన చప్పుడు. కూత ఆగింది. జానమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"దానికెట్ల తెలిసిందే?" అని అడిగింది చివరికి, చాలా చిన్న గొంతుతో.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. మల్లికే స్వయంగా సీలను, బొగ్గును, మిరపకాయను ఒక దారానికి కట్టి పెట్టె బయట వేలాడదీసింది. పిడుగుకు బయటినుంచే కనిపిస్తుంది కదా అంటే జానమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

పిల్లలు రావాల్సిన పొద్దున మల్లిక దుకాణానికి సెలవు పెట్టింది. గుడ్లలో ఉలుకూ పలుకూ లేదు. జానమ్మ పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆమె ముఖం చూడలేక మల్లిక ఫోను తీసి, ప్రాజెక్టులో కొత్తగా వచ్చిన సూచనలు పైకి చదివింది. గుడ్లు పెట్టేముందు ట్రేలో ఒక ఇనుప మేకు పెట్టి చూడండి, పెట్టె కూయాలి. కూస్తేనే మేకు తీసి గుడ్లు పెట్టండి. దీని పేరు జానమ్మ పరీక్ష, పానగల్.

"నా పేరా?" జానమ్మ తలెత్తింది. "రేషన్ కార్డుల కాదు గదా?"

"కాదవ్వా. లోకమంత చూస్తరు."

"అంటె లోకమంత ఇనుము పెడుతున్నరన్నట్టు."

"పెడుతున్నరు గని, మళ్ల తీస్తున్నరే!"

"తీస్తె తియ్యనీ. పెట్టిన్రు గదా," అంది జానమ్మ, ఎంతో తృప్తిగా.

అప్పుడు పెట్టె లోపల్నుంచి కీచుమంది. మల్లిక తెర వైపు చూసింది. తెర మీద ఏ హెచ్చరికా లేదు. రెండోసారి కీచుమంది. జానమ్మ మూతకున్న అద్దం మీదికి వంగింది. ఒక గుడ్డుకు చిన్న బెజ్జం పడి ఉంది, అందులోంచి ముక్కు కొన ఒకటి బయటికి వచ్చి పోతోంది. మధ్యాహ్నానికి ఏడు గుడ్లు పగిలాయి. దూలం మీదినుంచి రాణి దిగి వచ్చి, ఎవరూ పిలవకుండానే, పెట్టె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని దాన్ని అడిగేవాళ్లు లేరు.

ఒళ్లు ఆరిన మొదటి పిల్లను జానమ్మ రెండు చేతులా తీసింది. పెట్ట పిల్లే అంది, ఎలా తెలుసో ఎవరికెరుక. దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. మనవరాలి అరచేయి తెరిచి అందులో పెట్టింది.

"మా అమ్మ నాకిచ్చింది. గిది ఇగ నీది," అంది. "దీన్ని పొదుగేసినప్పుడు ఇనుము మరువకు."

"మరువనవ్వా," అంది మల్లిక.

ఇంకేదో అనబోయింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కానీ చేతిలో పిల్ల బెదురుతుందని, బుద్ధెరిగాక మొదటిసారి, మల్లిక నవ్వు ఆపుకుంది.